ముప్ఫై ప్లేట్ల లాటు

ఆ వేళ పొద్దుటి నుంచి సంచీ కారడం అది మూడోసారి.

మొదటిది ఆరింటికి, పక్క మీద. రెండోది ఎనిమిదింటికి, టీ తాగుతుండగా. మూడోది మరీ అన్యాయంగా, బడి గుమాస్తా యూనిఫారాల జాబితా పట్టుకుని కటింగ్ బల్ల ముందు నిలబడి ఉండగా. మాస్టరమ్మ మాట మధ్యలోనే ఆగిపోయింది. కుడిచెయ్యి పొట్టకి అదుముకుని, సుద్దముక్క బల్ల మీద పడేసి, వెనక గదిలోకి వెళ్ళిపోయింది. గుమాస్తా జాబితాలోకి చూశాడు, గోడ వైపు చూశాడు, ఇంకెటు చూడాలో పాలుపోక ఇస్త్రీ బల్ల దగ్గరున్న పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన తలెత్తలేదు. చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

చిన్నది మిషను వదిలి లోపలికి పరుగెత్తి తలుపు వేసింది.

చిన్నది అంటే వయసుకి చిన్నదేం కాదు, నలభైకి దగ్గర పడింది. ఆ ఇంటికి రెండో కోడలై వచ్చిన రోజు పెద్దకోడలు "ఏమే చిన్నదానా" అని పిలిచింది. ఆ పిలుపు అలాగే అతుక్కుపోయింది. పెద్దకోడలు కత్తిరిస్తుంది, అందుకే వీధి వీధంతా ఆవిణ్ణి మాస్టరమ్మ అంటుంది. చిన్నది కుడుతుంది. పెద్దకోడలి మొగుడు ఇస్త్రీ చేస్తాడు. చిన్నదాని మొగుడు లారీ మీద తిరుగుతాడు, పది రోజులకోసారి ఇంటికొచ్చి నిద్రపోయి వెళతాడు. నాలుగు బడుల పిల్లలు వీళ్ళ చేతి బట్టలే తొడుక్కుంటారు.

"ఊడిందా అక్కా?"

"ఊడితే బాగుండును. అతుక్కునే ఉంది, కింద నుంచి కారుతోంది."

పెద్దపేగులో కేన్సరుకి ఆపరేషనై మూడు నెలలు. పేగు కొస పొట్టకి కుడివైపున బయటికి తెచ్చి కుట్టారు. ఎర్రగా, తడిగా, పైకి ఉబ్బి ఉండే ఆ కొసకి డాక్టర్లు ఏదో పేరు చెప్పారు గాని ఆ ఇంట్లో ఎవరి నాలుకా దానికి తిరగలేదు. "దేవుడికి గుండీ ఎక్కడ కుట్టాలో తెలీక ఇక్కడ కుట్టాడే," అని ఆసుపత్రి మంచం మీదే మాస్టరమ్మ అన్నది. అప్పటి నుంచి అది గుండీ. దాని చుట్టూ చర్మానికి అంటించే జిగురు ప్లేటుకి మధ్యలో కత్తిరించుకునే రంధ్రం కాజా. ప్లేటు మీద సంచీ. తన ఒంటి మీద వచ్చిపడ్డదాన్ని కూడా దుకాణం మాటల్లోకి తెచ్చుకుంటే తప్ప ఆవిడకి ఊపిరాడదు.

చిన్నది ప్లేటు మెల్లగా లాగింది. కింద చర్మం చూసి మొహం తిప్పుకోబోయి, అక్క చూస్తుందని తిప్పుకోలేదు. గుండీ చుట్టూ వేడినీళ్ళు పడ్డట్టు ఎర్రగా కమిలి, అక్కడక్కడ పైపొర లేచి చెమ్మ ఊరుతోంది. తడిగుడ్డ తగలగానే మాస్టరమ్మ తువ్వాలు నోట్లో కుక్కుకుంది.

దీనికి కారణం ఏమిటో చిన్నదానికి నెల రోజులుగా అంతుబట్టడం లేదు. అడిగిన ప్రతివాళ్ళూ తలోమాట చెప్పారు. మందుల షాపతను పౌడరు చల్లమన్నాడు. పైవాటాలో అద్దెకుండే రిటైర్డు టీచరుగారు గాలి తగలనివ్వమంది. గాలి తగలనిస్తే కారేది ఎక్కడికి పోతుందో మాత్రం ఆవిడ చెప్పలేదు. ఎదురింటి ఆవిడ ఒక క్రీము ట్యూబు ఇచ్చి, తన మనవడికి ఒక్క పూటలో తగ్గిందంది. ఆ క్రీము చిన్నది వారం నుంచి రాస్తోంది. క్రీము రాసినప్పటి నుంచి సంచీ ఇంకా ఎక్కువ కారుతోంది. ఎక్కువ కారుతోంది కనక ఇంకా ఎక్కువ రాస్తోంది. ఎక్కడో ఏదో తిరగబడుతోందని ఆమెకి తెలుస్తూనే ఉంది గాని, ఏ కొస పట్టుకుని లాగాలో తెలియడం లేదు.

మాస్టరమ్మకి మాత్రం అనుమానమేం లేదు. నోట్లోంచి తువ్వాలు తీసి, నిదానంగా అన్నది.

"రేపు నేను రావడం లేదు."

ఎనిమిది విడతల కేన్సరు మందులో రెండు అయ్యాయి. రేపు గురువారం మూడోది.

"ఆ మందు నన్ను లోపలి నుంచి కాలుస్తోందే. అది ఎక్కించుకున్నాకే కదా ఇదంతా. బయటికి కనపడేదే ఇంతుంటే లోపల ఎంతుందో ఎవరు చూడొచ్చారు?"

తలుపు పల్చన. గుమాస్తా వెళ్ళిపోయినట్టున్నాడు, పెద్దాయన గొంతు తలుపు దగ్గరికి వచ్చింది. ఒంటికాలి మీద లేచే మనిషి కాదాయన. ఆ వేళ మాత్రం లేచాడు. వెళ్ళాల్సిందే అన్నాడు. మొదలుపెట్టినదాన్ని మధ్యలో వదిలేస్తే జబ్బు ఊరుకుంటుందా అన్నాడు. పుండుదేముంది, ఇవాళ కాకపోతే రేపు మానుతుంది, మందు మానేస్తే మాత్రం మళ్ళీ తెచ్చుకోలేమని అన్నాడు.

"మొదలుపెట్టింది మీరూ, డాక్టరూ. నన్నెవరు అడిగారు?" అన్నది మాస్టరమ్మ.

కాసేపటికి ఇస్త్రీ పెట్టె బల్లకి తగిలిన చప్పుడు వినిపించింది.

చిన్నది ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయింది. బావగారన్నదీ నిజమే అనిపించింది, అక్కన్నదీ నిజమే అనిపించింది. మిషను ముందుకి వెళ్ళి కూర్చుని, ఒక జేబు తలకిందులుగా కుట్టి, విప్పి, మళ్ళీ తలకిందులుగానే కుట్టింది. చివరికి లేచి, తీసేసిన ప్లేటుని పాత పేపర్లో చుట్టి, ఇంకో కవరులో పెట్టి, దారాలు తెస్తానని చెప్పి బయటపడింది.

ఆసుపత్రిలో వరండా చివరి గదిలో ఒక నర్సు కూర్చుంటుంది. సంచీలు పెట్టించుకున్నవాళ్ళందరినీ ఆవిడే చూస్తుంది. ఆపరేషనైన నెలకి ఒకసారి రమ్మని ఆవిడ చెప్పింది కూడా. అప్పుడు బడులు తెరిచే రోజులు. దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. బాగానే ఉంది కదా, తర్వాత వెళదాంలే అన్నది మాస్టరమ్మ. తర్వాత అన్నది తర్వాతకే పోయింది.

నర్సు ఆ ప్లేటుని అసహ్యమేమీ లేకుండా చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుగులో తిప్పి చూసింది. చూసి కళ్ళెగరేసింది.

"ఎవరమ్మా ఇది కత్తిరించింది? ఇంత నీటుగా మేం కూడా కత్తిరించలేం."

చిన్నదానికి ఛాతీ పొంగింది. మా అక్కేనండీ, ముప్ఫై ప్లేట్లూ ఒక్కలాగే ఉంటాయి, వెంట్రుకవాసి తేడా ఉండదు, కావాలంటే చూడండి అంది.

"ముప్ఫై ఒకేసారి కత్తిరించేశారా?"

"లాటు కదండీ మరి. ఇంటికొచ్చిన రోజే అట్టముక్క మీద కొలత తీసి, కూర్చుని అన్నీ కత్తిరించేసింది."

"నీటుగానే ఉంది," అన్నది నర్సు, "కాని పెద్దది."

ఆ తర్వాత నర్సు చెప్పిందంతా చిన్నది నిలబడే విన్నది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆపరేషనైన కొత్తల్లో ఆ పేగు కొస వాచి ఉంటుంది. తర్వాత ఆరేడు వారాల పాటు చిక్కుతూ వస్తుంది. అందుకే వారం వారం కొలిచి కత్తిరించాలి. రంధ్రం దానికి ఆనీ ఆననట్టు, చుట్టూ గీత మందం మాత్రమే ఖాళీ ఉండాలి. ఖాళీ ఎక్కువుంటే పేగులోంచి వచ్చే నీళ్ళు ఆ ఖాళీలో చర్మం మీద నిలుస్తాయి. అన్నం అరిగించే నీళ్ళు అవి, చర్మాన్ని ఊరుకోవు. ప్లేటు వెనక జిగురు లోపలి అంచంతా ఉబ్బి తెల్లగా కరిగి ఉండటం చూపించింది. ఏమైనా రాస్తున్నారా అని అడిగింది. చిన్నది క్రీము సంగతి చెప్పి నాలుక కరుచుకుంది. క్రీము మీద జిగురు నిలవదమ్మా అన్నది నర్సు, తిట్టకుండా.

"అయితే ఇది మందు వల్ల కాదన్నమాట," అంది చిన్నది ఆశగా.

"అలా పూర్తిగా అనలేను. ఆ మందుకి చర్మం సున్నితమవుతుంది, విరేచనం పల్చనవుతుంది, మానడం కూడా ఆలస్యమవుతుంది. కాని ఇంత పుండు కావడానికి కారడమే ఎక్కువ కారణం అనిపిస్తోంది. చూస్తే గాని చెప్పలేను. రేపు మందుకి వస్తారుగా, ముందు నా దగ్గరికి తీసుకురండి."

ఒక కొత్త ప్లేట్ల పెట్టె, ఒక పౌడరు డబ్బా, రకరకాల సైజుల్లో గుండ్రటి రంధ్రాలున్న ఒక కొలత అట్ట ఇచ్చింది.

బస్టాపులో చిన్నది రెండు బస్సులు వదిలేసింది. అవునూ కాదూ రెండూ ఒకే నోటితో చెప్పింది నర్సు. ఇందులో అక్కకి ఏది చెప్పాలి? మందుది తప్పు కాదంటే అక్క రేపు బయల్దేరుతుందేమో. కాని మందుది కాకపోతే తప్పు ఎవరిది? ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క లాటు వెనక్కి రాని మనిషి, తన ఒంటికి తానే తప్పు కత్తిరించుకుందని ఎలా చెప్పడం?

ఆలోచించగా తప్పు ఎలా జరిగిందో కూడా చిన్నదానికి అర్థమైంది. ఆ దుకాణంలో కొలతలిచ్చేది పిల్లలు. ఆరో క్లాసు నిక్కరు ఏడో క్లాసుకి కూడా రావాలి. అందుకే మాస్టరమ్మ ఏది కత్తిరించినా కొలత మీద కాస్త లూజు వదిలి కత్తిరిస్తుంది. పెరిగే పిల్లలే పాపం అంటుంది. ప్లేట్లకీ చెయ్యి అలవాటుగా అంత లూజు వదిలేసింది. వీళ్ళ కత్తెర కిందికి వచ్చినవన్నీ పెరిగే ఒళ్ళే గాని, తరిగే ఒళ్ళు ఏనాడూ రాలేదు.

ఇంటికెళ్ళేసరికి మధ్యాహ్నం రెండైంది. చిన్నది ఒక దొంగ ఉపాయం పన్నింది. కొత్త ప్లేట్లు తానే చిన్నగా కత్తిరించి, పాతవి ఉన్న పెట్టెలో పెట్టేస్తే, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. వంటింట్లోకి వెళ్ళి తలుపు చేరేసి కత్తెర పట్టుకుంది. ఎంత చిన్నగా కత్తిరించాలో తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. సరే, అందాజుగా కానిద్దామని మొదలుపెట్టింది.

"ఏం కోస్తున్నావే?" గుమ్మంలో మాస్టరమ్మ. "గుడ్డ కాదది. గుడ్డైతే చప్పుడు అలా రాదు."

చిన్నది ప్లేటు వెనక్కి దాచింది. అంత వయసొచ్చిన మనిషి అలా దాచడం చూసి మాస్టరమ్మకి నవ్వొచ్చింది, నవ్వితే పుండు లాగి మొహం చిట్లించింది.

"ఆసుపత్రికి వెళ్ళాను అక్కా. సిస్టరు కొలత మళ్ళీ చూసుకోమంది."

"దేని కొలత?"

"గుండీది."

"అది నా పుస్తకంలో ఉందిగా. ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు."

"అది అప్పటిది."

"అప్పటికీ ఇప్పటికీ ఒళ్ళు..." అంటూ ఆగిపోయింది మాస్టరమ్మ. చిన్నదాని చేతిలోంచి కొలత అట్ట తీసుకుని వెనక గదిలోకి నడిచింది.

చిన్నది వెంట వెళ్ళి, అద్దం పట్టుకుని నిలబడింది. సంచీ తీసి, మాస్టరమ్మ ఒక్కొక్క రంధ్రమే గుండీ మీద ఆనించి చూసుకుంది. నలభై మరీ వదులు. ముప్ఫై ఐదు వదులు. ముప్ఫై కూడా వదులే. ఇరవై ఎనిమిది దగ్గర సరిపోయింది. పాత పెట్టెలోంచి ఒక ప్లేటు తీసి టేపు పెట్టింది. నలభై రెండు.

ఆ రెండు అంకెలూ ఆవిడ పైకి అనలేదు. టేపు చుట్ట చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. అక్క ఏడుస్తుందేమోనని చిన్నది చూసింది, తిడుతుందేమోనని చూసింది.

"ఇంకొకరి ఒంటి మీదైతే లాటు మొత్తం వెనక్కొచ్చేది," అన్నది చివరికి. "నా ఒళ్ళు కనక నోరు మూసుకుని తొడుక్కుంది."

మిగిలిన పదకొండు ప్లేట్లూ తీసి ముక్కల బుట్టలో పడేసింది. తర్వాత చిన్నదాన్ని పక్కకి జరగమని, కొత్త ప్లేటు మీద తానే గీత గీసి, తానే కత్తిరించింది. చిన్నది నర్సు చెప్పినవన్నీ వరసగా చెబుతూ పోయింది. సబ్బు వద్దు, గోరువెచ్చని నీళ్ళే. రుద్దకుండా అద్దాలి. చెమ్మగా ఉన్నచోట పౌడరు చల్లి, ఎక్కువైంది దులపాలి. ప్లేటు అంటించాక చేత్తో కాసేపు అదిమి పట్టుకోవాలి, ఆ వెచ్చదనానికి జిగురు పడుతుంది. మూడో వంతు నిండగానే సంచీ ఖాళీ చెయ్యాలి. మంటగానో దురదగానో ఉంటే కారేదాకా ఆగకుండా మార్చెయ్యాలి.

మూడయింది. కారలేదు. మూడున్నర అయింది. కారలేదు. మాస్టరమ్మ వచ్చి కటింగ్ బల్ల దగ్గర నిలబడింది. పొద్దున గుమాస్తా వదిలేసి వెళ్ళిన జాబితా తీసి చదువుతున్నట్టు కనిపించింది గాని, కాగితం తిప్పడం లేదు. చిన్నదానికి మనసులో పండగ్గా ఉంది. అంత సంబరం దాచుకోవడం చేతకాక, నర్సు మందు గురించి చెప్పింది కూడా ఉన్నదున్నట్టు చెప్పేసింది, అవునన్నదీ కాదన్నదీ రెండూ.

"అయితే రేపు వెళదామా అక్కా?"

మాస్టరమ్మ ఇస్త్రీ బల్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మంట మందు వల్లే అనుకున్నన్నాళ్ళూ నాకు హాయిగా ఉందే. మానెయ్యడానికి ఒక వంక ఉండేది. ఇప్పుడు నువ్వు అది కూడా ఊడబెరికావు."

"అంటే?"

"అంటే ఏమో. పుండు తగ్గినా నాకు వెళ్ళాలని లేదేమో. లేకపోతే వెళ్ళాలనే ఉందేమో, భయమేమో. నాకే తెలీడం లేదు, నీకేం చెప్పను?"

చిన్నది పుండుకి కారణం దొరికితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయనుకుంది. ఇప్పుడు పొద్దుటి కన్నా అయోమయంగా ఉంది. ఏదో ఒకటి చెయ్యకపోతే ఉండలేక, రేపు నర్సుని ఎన్నింటికి కలవాలో కనుక్కుందామని ఆసుపత్రికి ఫోన్ చేసింది. కౌంటరు అమ్మాయి ఎత్తింది. వివరాలన్నీ అడిగి, కాసేపు వెతికి, రేపటి లిస్టులో మీ పేషెంటు లేరండీ అంది.

"లేకపోవడమేమిటి? మూడో విడత కదా?"

"నిన్న సాయంత్రం మీవాళ్ళే ఫోన్ చేసి రామని చెప్పారు కదండీ. మందెక్కించే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశాం. మళ్ళీ రెండు వారాల తర్వాతే ఖాళీ."

"నిన్ననా? మేమా? రామని ఎవరు చెప్పారు?"

"పేషెంటు భర్తనన్నారండీ."

చిన్నదాని గొంతు దుకాణమంతా వినిపించింది. ఫోన్లో మాట వినపడకపోయినా, ఆమె ఎటు చూస్తోందో చూస్తే చాలు. మాస్టరమ్మ కూడా అటే చూసింది. పెద్దాయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. పొద్దున తలుపవతల నిలబడి అంతలా అరిచిన మనిషి, ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి రామని చెప్పేశాడు.

"మీరేనా?" అన్నది మాస్టరమ్మ.

ఆయన తలూపాడు.

"తలుపేసుకుని నోట్లో తువ్వాలు కుక్కుకుంటే వినపడదనుకుంటున్నావు. నాకు వినపడుతుంది. రోజూ వినపడుతుంది. నా వల్ల కాలేదు."

"మరి పొద్దున వెళ్ళాల్సిందేనని ఎందుకు అరిచారు?"

"నేను కూడా వద్దంటే, ఇక ఆశ లేదనుకుంటావని."

మాస్టరమ్మ బల్ల అంచు పట్టుకుంది. పొద్దుటి నుంచి రానంటే రానని భీష్మించుకున్న మనిషి. అడిగింది జరిగింది. ఆవిడ మొహంలో మాత్రం, పిల్లల చేతిలో ఉన్నది ఎవరో లాక్కుపోయినప్పటి ఉక్రోషం ఉంది.

"రానన్నది నేను," అన్నది. "రానని చెప్పాలన్నా చెప్పాల్సింది నేనే. మీరెందుకు చెప్పారు?"

మాస్టరమ్మ చెయ్యి చాపింది. చిన్నది ఫోను ఆ చేతిలో పెట్టింది.

"అమ్మాయీ, ఆ పేషెంటుని నేనే. రేపటి కుర్చీ నాది. నన్నడక్కుండా ఎవరికిచ్చారు?"

అవతల అమ్మాయి ఏదో చెబుతోంది. మాస్టరమ్మ వింటోంది. రెండు వారాల దాకా కుదరదంది ఆ అమ్మాయి. ఎవరైనా రాకపోతే ఇస్తారా అని అడిగింది మాస్టరమ్మ. పెద్దవాళ్ళనెవరినైనా అడగమంది. లైన్లో ఉండమన్నట్టున్నారు, ఆవిడ ఫోను చెవికి నొక్కుకుని నిలబడిపోయింది.

పెద్దాయన బల్ల చుట్టూ తిరిగి రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

"వెళతావా?" అని అడిగాడు.

ఈ మూడు నెలల్లో ఆయన ఆవిణ్ణి ఆ మాట అడగడం అదే మొదటిసారి.

మాస్టరమ్మ ఆయన వైపు చూసింది. చెప్పడానికన్నట్టు పెదవి కదిపింది కూడా. అంతలో అవతల ఎవరో లైన్లోకి వచ్చారు.

"వింటున్నాను, చెప్పండి," అన్నది ఫోన్లోకి.